దేవకన్య చీర

(ఉగాది ఉత్సవాల సందర్భంలో సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, కార్యవర్గ సభ్యులకు, ఆంధ్రదేశంలోని నానా ప్రాంతాలనుంచి వచ్చి చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ఊళ్ళలో స్థిరపడిన సోదరీసోదరులకు, తరతరాలుగా ఈ నేలమీదనే తెలుగు పలుకుతున్న స్థానికులకు, ముందు వరుసలో కూర్చుని ‘కత్తెరలు ఎప్పుడిస్తారు’ అని నా సంచివైపే చూస్తున్న చిరంజీవులకు నా ఉగాది శుభాకాంక్షలు.

కార్యదర్శిగారు నన్ను మాట్లాడమని అడిగినప్పుడు, “నాకు ఉపన్యాసాలు రావండీ, గుడ్డపేలికలు, కాగితపు ముక్కలు, జిగురు, ఇంతే నాకు తెలిసినది” అన్నాను. “వాటిని గురించే చెప్పండి” అన్నారు వారు. కనుక ఈ పూట తప్పంతా నాది కాదు, సగం వారిది కూడా.

మాది ధర్మవరం. పెళ్ళయి చింతామణికి వచ్చి నలభైయేళ్ళు దాటినది. కొన్నేళ్ళుగా వేసవి సెలవులలో మా ఇంటి వసారాలో పదిమంది పిల్లలను చేర్చి దేవకన్యల బొమ్మలు చేయిస్తున్నాను. గీసే బొమ్మలు కావు, అతికే బొమ్మలు. కాగితం, గుడ్డ, ఆకు, గాజుముక్క, పట్టుగూడు, ఏది దొరికితే అది కత్తిరించి ఒక అట్టమీద అతికి, దానికి ఒక రూపం తీసుకురావడమే ఈ విద్య. దీనిని చిత్రకారులు ‘కొలాజ్’ అంటారు. జిగురుతో అతికించడం అనే అర్థం గల ఫ్రెంచి మాటనుంచి ఆ పేరు వచ్చినది. 1912లో పికాసో, బ్రాక్ అనే ఇద్దరు చిత్రకారులు తమ చిత్రాలలో గుడ్డలు, కాగితాలు అతికినప్పటినుంచీ దీనికి లోకంలో పెద్దపీట దొరికినదని కళాచరిత్రలు వ్రాస్తారు.

వారికి నా నమస్కారం. కానీ మన ఆడవాళ్ళు అంతకు ముందునుంచే ఈ పని చేస్తున్నారని నేను మనవి చేయదలచినాను. 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టించి లక్ష్మి, సరస్వతి పటాలు దేశమంతటా అందుబాటులోకి తెచ్చినాడు. ఆ పటాలు ఇళ్ళకు రాగానే ఏమయినది? కొందరు అచ్చులోని చీరమీద అసలు గుడ్డ అతికి చీర కట్టినారు. అంచుకు జరీ కుట్టినారు. కిరీటానికి తళుకు బిళ్ళలు, మెడకు పూసలు అంటించినారు. ఆ విధంగా అలంకరించిన పటాలు నేటికీ పాత ఇళ్ళలో, ప్రదర్శనశాలలలో కనబడతాయి. మా అవ్వ పూజగదిలో ఉండిన లక్ష్మిపటం అటువంటిదే. చిన్నప్పుడు నేను ఆ చీరను వ్రేలితో తాకి చూచి, అమ్మవారు నిజంగా పటంలోనుంచి బయటికి వస్తున్నదని భయపడినాను. మా అవ్వకు కొలాజ్ అనే మాట తెలియదు. లక్ష్మీదేవి అచ్చుకాగితపు చీరతో ఉండడం ఆమె మనసుకు ఒప్పలేదు, అంతే.

ఇక బొమ్మల కొలువులో మరపాచి బొమ్మలకు చీరలు చుట్టడం, కొండపల్లి బొమ్మలవారు తెల్ల పొణికి కర్రతో చేసిన కాలూ చేయీ చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతకడం, ఇవన్నీ ఈ విద్యకు అక్కచెల్లెళ్ళే. మా ధర్మవరానికి చేరువలో నిమ్మలకుంట అనే ఊరున్నది. అక్కడివారు తోలుబొమ్మలు చేస్తారు. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. మేకతోలును పలుచగా చేసి, తలకు ఒక ముక్క, మొండేనికి ఒక ముక్క, చేతులకు వేరే ముక్కలు కత్తిరించి జోడిస్తారు. నగలున్న చోట సన్నని ఉలితో చిల్లులు పొడుస్తారు. పగటిపూట చూస్తే అవి చిల్లులే. రాత్రి వెనుక దీపం పెడితే వజ్రాలు. లేనిచోట వెలుతురు నిలబెట్టి నగ చేయడం ఎంత గొప్ప ఊహో చూడండి. మా పిల్లలచేత నల్లకాగితం దేవకన్యకు సూదితో చిల్లులు పొడిపించి కిటికీకి అంటిస్తాను. ఉదయం ఎండ పడగానే ఆమె ఒంటినిండా నగలు.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. మూడేళ్ళ క్రితం వేసవిలో మా మనవరాలు ఒక దేవకన్యను చేసినది. ఒళ్ళు తెల్లకాగితం, జుట్టు పసుపుపచ్చ ఉన్ని, వీపున రెండు రెక్కలు, చేతిలో చివర నక్షత్రం గల కోల. బాగానే కుదిరినది. అందరమూ మెచ్చుకున్నాము. పక్కన కూర్చున్న ఇంకొక పిల్ల, మా వీధిదే, ఆ బొమ్మను చాలాసేపు చూచి నన్ను అడిగినది:

“అవ్వా, దేవకన్యలు నల్లగా ఉండరా?”

“ఎవరు చెప్పినారే, ఉండరని?”

“ఎవరూ చెప్పలేదు. ఎక్కడా లేరు.”

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ పిల్ల తప్పు చెప్పలేదు. ఆ పిల్ల చూచిన పుస్తకాలలో, సెల్ ఫోనులో, పుట్టినరోజు కేకులమీద ఎక్కడా లేరు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు కిరాణాకొట్టులో సామాను చుట్టి ఇచ్చే గోధుమరంగు కాగితం ఒక చుట్ట కొనితెచ్చి పిల్లల మధ్య పెట్టినాను. “ఈ రోజునుంచి ఒళ్ళు దీనితో. ఎవరి రంగు ఎంత కావాలంటే అంత కాఫీ డికాషన్ పూయండి” అన్నాను. ద్రౌపదికి కృష్ణ అనే పేరు ఆమె నల్లని మేనిచాయవల్లనే వచ్చినదని, అంతటి చక్కదనాల రాణి మన కథలలో మరొకతె లేదని చెప్పినాను. ఆ పిల్ల తన కాగితానికి మూడుసార్లు డికాషన్ పూసినది. దేవకన్య నల్లగా నిగనిగలాడుతూ తేలినది. కన్నులకు తెల్ల గుడ్డముక్కలు పెట్టేసరికి అందరి బొమ్మలలోకి అదే బ్రతికి చూచినట్లున్నది.

తరువాత రెక్కల ప్రశ్న వచ్చినది. మన దేవకన్యలకు రెక్కలు ఉండాలా? నన్నడిగితే అవసరం లేదు. బాదామి గుహల కప్పులమీద గంధర్వ దంపతులను చూడండి. అజంతా 17వ గుహలో ఆకాశాన పోతున్న అప్సరసను చూడండి. ఎవరికీ రెక్కలు లేవు. మోకాలు కొద్దిగా మడిచి ఉంటుంది, ఉత్తరీయం వెనుకకు తేలుతుంది, మెడలోని ముత్యాల సరం ఒకప్రక్కకు ఒరుగుతుంది. అంతటితో ఆమె ఎగురుతున్నదని మన కన్ను నమ్ముతుంది. గాలిని రెక్కలతో కాక గుడ్డతో చూపించినారు మనవాళ్ళు. పాశ్చాత్యుల ఫెయిరీలకు కూడా తొలినుంచీ రెక్కలు లేవు. 18, 19 శతాబ్దాలలో చిత్రకారులూ నాటకశాలలవారూ తగిలించిన రెక్కలే తరువాత స్థిరపడిపోయినవి.

మన పట్టు సంగతి కూడా ఇందుకు సాక్ష్యమే. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ సంత మన జిల్లాలోదే. గూటిలోనుంచి బయటికి వచ్చే పట్టు సీతాకోకచిలుకకు రెండు జతల తెల్లని రెక్కలుంటాయి. కానీ వేల సంవత్సరాలు మనుషుల చేతిలో పెరిగి పెరిగి, దానికి ఎగిరే శక్తి పోయినది. కనుక రెక్కలున్నవన్నీ ఎగరవు, ఎగిరేవాటన్నిటికీ రెక్కలుండవు. అయినా రెక్కలు కావాలని మారాం చేసే పిల్లలకు నేను అడ్డు చెప్పను. రావి ఆకులను రెండు మూడు వారాలు నీళ్ళలో నానవేసి, కుళ్ళిన పసరును మెత్తని కుంచెతో కడిగివేస్తే, ఈనెల జాలి మాత్రం మిగులుతుంది. దానికంటె అందమైన రెక్క బజారులో దొరకదు.

కాగితపు దేవకన్యలను గురించి లోకంలో ఒక వింత జరిగినది. ఇక్కడి పిల్లలకు ఆ కథ చాలా ఇష్టం. ఇంగ్లండులో కాటింగ్లీ అనే పల్లె. 1917వ సంవత్సరం. ఎల్సీ రైట్‌కు 16 ఏళ్ళు, ఆమె మేనత్త కూతురో పినతల్లి కూతురో, చుట్టపు పిల్ల ఫ్రాన్సెస్ గ్రిఫిత్స్‌కు 9 ఏళ్ళు. ఫ్రాన్సెస్ ఇంటివెనుక వాగులో ఆడి బూట్లు తడుపుకొని వచ్చి రోజూ చివాట్లు తినేది. “వాగుకెందుకు పోతావు?” అంటే “దేవకన్యలను చూడడానికి” అన్నది. పెద్దలు నవ్వినారు. పిల్లలకు రోషం వచ్చినది. ఎల్సీ ఒక పిల్లల పుస్తకంలోని బొమ్మలు చూచి అట్టమీద దేవకన్యలను గీసి, కత్తిరించి, టోపీలకు గుచ్చే పొడుగు పిన్నులతో గడ్డిలో నిలబెట్టినది. తండ్రి కెమేరా అడిగి తెచ్చుకొని ఫొటో తీసినారు. షెర్లాక్ హోమ్స్ కథలు వ్రాసిన ఆర్థర్ కానన్ డాయిల్ వాటిని నిజమని నమ్మి 1920లో పత్రికలో వ్యాసం, 1922లో పుస్తకం వ్రాసినాడు. ఎంతటి దొంగనైనా పట్టగల డిటెక్టివును సృష్టించినవాడు ఇద్దరు పిల్లల కత్తెరను పట్టలేకపోయినాడు! 1983లో, ఇద్దరూ ముసలివారైన తరువాత, అవి కాగితపు బొమ్మలేనని ఒప్పుకున్నారు. తీసిన 5 ఫొటోలలో చివరిది మాత్రం నిజమేనని ఫ్రాన్సెస్ పట్టుపట్టినది.

ఈ కథ విని మా పిల్లలు “మనమూ మోసం చేద్దాం” అంటారు. నేను చెప్పేది వేరు. ఆ పిల్లలు మొదట చివాట్లు తప్పించుకోవడానికి చేసినారు. పెద్దవాళ్ళు నమ్మి కూర్చున్న తరువాత నిజం చెప్పడానికి దారిలేక అరవై ఏళ్ళకు పైగా ఆ బరువు మోసినారు. కనుక పిల్లలు ఒక ఊహ చెప్పినప్పుడు నవ్వి తోసివేయకండి, తలకెత్తుకొని ఊరేగించకండి. ఒక అట్ట, కాస్త జిగురు ఇచ్చి, “ఏదీ, చూపించు” అనండి.

చేసే పద్ధతి చెబుతాను. తల్లులు కాగితం తీసుకోవచ్చు.

అట్టకు పాత పెళ్ళిపత్రికలు శ్రేష్ఠం. దళసరిగా ఉంటాయి, జిగురు తడికి అంతగా వంకర పోవు. ముందు ఆకాశం అతకాలి, తరువాత కొండ, ఆ తరువాత చెట్టు, చివర మనిషి. వెనుకనున్నది ముందు, ముందున్నది వెనుక. ఈ ఒక్క సూత్రం పట్టుబడితే సగం విద్య వచ్చినట్లే. కొండకు పాత వార్తాపత్రిక చించండి, కత్తిరించవద్దు. చించిన అంచు నందికొండమీద తెల్లవారుజామున మంచు పట్టినట్లు ఉంటుంది. నేలకు రాగులు చల్లవచ్చు. చెట్టు బెరడుకు వేరుసెనగ తొక్కలు. మన తోటలలోని బంతి, చామంతి రేకులను పుస్తకాలలో అదిమి ఆరబెడితే పాదపీఠానికి పనికివస్తాయి. పసుపు, కుంకుమలతో రంగు వేయవచ్చును గాని, పసుపురంగు ఎండకు వెలిసిపోతుంది. అందుచేత ఆ బొమ్మను ఎండ తగిలే గోడకు తగిలించకండి.

దేవకన్యను ఒకే ముక్కగా కత్తిరించకండి. తోలుబొమ్మలవారి మాదిరి తల, మొండెం, రెండు చేతులు, రెండు కాళ్ళు వేరువేరుగా కత్తిరించి, జిగురు పెట్టకముందు అట్టమీద అటూ ఇటూ జరిపి చూడండి. కాలు కొంచెం మడవగానే ఆమె నేల విడుస్తుంది. అక్కడ ఆగి, అతకండి. చీర అంచులకు నమూనా కావాలంటే లేపాక్షికి పోయి రండి. బాగేపల్లి దాటి ఉత్తరంగా పోయి, కొడికొండ దగ్గర పడమరకు తిరిగితే చేరువే. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం అది. నాట్యమండపంలో రంభ ఆడుతున్నది, దేవతలు వాద్యాలు వాయిస్తున్నారు. లతామండపపు స్తంభాలమీద వరుసలు వరుసలుగా లతలు, హంసలు, పూలు చెక్కి ఉన్నవి. చీరల నేతవారు నేటికీ ఆ నమూనాలను తీసుకుంటారు. పిల్లలచేత ఒక్కొక్క స్తంభంనుంచి ఒక్కొక్క అంచు పెన్సిలుతో వ్రాయించుకొని వస్తే ఏడాదికి సరిపోతుంది.

పట్టుగూళ్ళు కూడా అడిగి తెచ్చుకోండి. నూలు తీసే గూళ్ళు కాదు. విత్తనపు గ్రుడ్లకోసం సీతాకోకచిలుకను బయటికి రానిచ్చిన చిల్లుగూళ్ళు. వాటినుంచి తెగకుండా దారం తీయడం కుదరదు గనుక వాటి వెల తక్కువ. అడ్డంగా కోస్తే కిరీటం, నిలువుగా కోస్తే పూరేకు, అలాగే ఉంచితే పాపకు ఊయల.

విరిగిన గాజులు నగలకు. మన చింతామణి తాలూకా కైవారంలో నారాయణప్పగారు, కైవారం తాతయ్యగా మనమందరమూ కొలిచే యోగి, గాజుల మలారం మోసి అమ్మేవారని పెద్దలు చెబుతారు. తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పిన మహానుభావుడాయన. ఆ ఊళ్ళో గాజుముక్కకు కొదువేమి? కానీ ఒక జాగ్రత్త: గాజుముక్కలను పెద్దవారే కత్తితో రాకుండా గరుకు రాతిమీద అంచులు అరగదీసి ఇవ్వాలి. పిల్లల వ్రేళ్ళు దేవకన్యకంటె ముఖ్యం.

జిగురు విషయంలో నా అవమానం ఒకటి చెప్పుకోవాలి. మొదటి ఏడు తియ్యగా ఉడికిన మైదా జిగురుతో 11 బొమ్మలు చేయించి, పైన అటకమీద భద్రం చేసినాను. వానలు పోయినాక చూస్తే 7 బొమ్మలను బొద్దింకలు తినివేసినవి. మొగాలు పోయి కిరీటాలు మిగిలినవి. పిల్లలకు మొగం చూపలేకపోయినాను. పుస్తకాలు బైండు చేసేవారు జిగురులో మైలుతుత్తం కలుపుతారు, పురుగు పట్టదు. అయితే అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. చింతగింజలను వేయించి, పొట్టు తీసి, నానవేసి, రుబ్బి, ఉడికిస్తే వచ్చే జిగురు గట్టిది. గుడ్డకూ కర్రకూ అది మేలు. కాగితానికి బజారులోని తెల్ల ఫెవికాల్ చాలును. అతికిన తరువాత పైన పాత కాగితం పరచి, పొత్రంరాయో బరువైన పుస్తకాలో ఒక రాత్రి పెట్టండి.

ఇంకొక మాట. పాత ‘చందమామ’ సంచికలు ఎవరింట్లోనైనా ఉంటే, దయచేసి కత్తిరించకండి. 1947 జూలైలో మద్రాసులో మొదలైన ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రాలు, చిత్రాగారి, శంకర్‌గారి బొమ్మలు చూచే మనమందరమూ దేవకన్యలను ఎరిగినాము. జెరాక్సు తీయించి, ఆ నకలును కత్తిరించండి.

ఇక చీర సంగతి. అందుకే ఈ ప్రసంగానికి ఆ పేరు పెట్టినాను.

దేవకన్య చీర కథ మీకందరికీ తెలిసినదే. దేవకన్యలు కొలనులో స్నానానికి దిగుతారు. గట్టుమీది చీరను ఒకడు దాచివేస్తాడు. చీర లేక ఆమె పైకి పోలేదు, అతనిని పెళ్ళాడి కాపురం చేస్తుంది. పిల్లలు పుడతారు. ఎప్పుడో ఒకనాడు ఆ చీర చేతికి చిక్కగానే కట్టుకొని ఎగిరిపోతుంది. 1961లో కె.వి.రెడ్డిగారు తీసిన ‘జగదేకవీరుని కథ’లోనూ ఈ చీర ఉన్నది. గత వేసవిలో ఈ కథను వసారాలో చెబుతున్నాను. మా మనవరాలు మధ్యలో ఆపి అడిగినది:

“చీర దాచినవాడు దొంగ కదా, అవ్వా?”

“దొంగే తల్లీ.”

“మరి నువ్వెందుకు దాచినావు?”

పిల్లలందరూ నావైపు చూచినారు. అది అన్నది మా అమ్మ చీరను గురించి. నా పెళ్ళికి అమ్మ ఇచ్చిన ధర్మవరం పట్టుచీర అది, మామిడిచిగురు రంగు, జరీ అంచు. ఇక్కడి పట్టునూలు మా ధర్మవరం మగ్గాలకు పోతుంది. అక్కడ చీరయి నాతో తిరిగి ఇక్కడికే వచ్చినది. పెళ్ళినాడు కట్టినాను, ఆపైన రెండుసార్లు. అంతే. అమ్మ పోయిన తరువాత కట్టబుద్ధి కాలేదు. పెట్టెలో పెట్టి తాళం వేసినాను. మనవరాలు ఎన్నోసార్లు చూపమన్నది, నేను చూపలేదు.

ఆ రోజు తీసినాను. తీసి విప్పగానే మడతల పొడుగునా పర్రుమని చినిగినది. ఎవరూ లాగలేదు. ఇన్నేళ్ళు ఒకే మడతలో ఉన్న పట్టు, ఆ మడత దగ్గరే విరిగినది. నేను గట్టిగా ఏడ్చినాను. పిల్లలు బెదిరి నిలబడినారు.

చీర మడతలలోనుంచి ఒక ఇన్‌లాండు ఉత్తరం క్రింద పడినది. అమ్మ వ్రాసినది. ఎప్పుడు అందులో పెట్టినానో మరచినాను. కళ్ళజోడు చేతికి అందలేదు. మనవరాలు తీసుకున్నది. అది ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గాని, బడిలో చదివినది కన్నడం, ఇంగ్లీషు. తెలుగు చదవడం ఎవరూ నేర్పలేదు, నేనూ నేర్పలేదు. అయినా మన రెండు లిపులూ తోడబుట్టినవి కదా. ‘ల’, ‘ర’, ‘ద’ వంటివి ఇంచుమించు ఒకటే, ‘క’, ‘త’ వంటివి వేరు, తలకట్టు తీరు వేరు. అది ఒక్కొక్క అక్షరం తడుముకుంటూ, తెలియనిచోట నన్నడుగుతూ, పావుగంటలో నాలుగు పంక్తులు చదివినది. క్షేమం వ్రాసి, వానల సంగతి వ్రాసి, అమ్మ అడిగినది: పండుగకు ఆ చీర కట్టుకున్నావా, పెట్టెలోనే పెట్టినావా, అని.

దానికి జవాబు నేనేమి వ్రాసినానో నాకు జ్ఞాపకం లేదు. కట్టుకున్నానని అబద్ధం వ్రాసి ఉంటాను.

ఆ సాయంత్రం కొంగును, ఒక గజం అంచును మాత్రం విడిగా తీసి ఉంచి, చినిగిన భాగాన్ని పిల్లలకిచ్చినాను. మొదటి కోత నేనే కోసినాను, చేయి వణికినది. తరువాత వారు కోసినారు. ఆ వేసవిలో మా వసారాలో పదిమంది దేవకన్యలు మామిడిచిగురు రంగు చీరలు కట్టినారు. అందులో ఇద్దరు నల్లనివారు, ఒకతె బొద్దుగా ఉన్నది, ఒకతెకు కళ్ళజోడు ఉన్నది. ఒకతెకు రావి ఆకు రెక్కలు. చీర ఎక్కడనుంచి వచ్చినదో ప్రతి పిల్లా బొమ్మక్రింద తెలుగులో ఒక్క వాక్యం వ్రాయాలన్నాను. ఆ ఒక్క వాక్యం వ్రాయడానికి పదిమందికీ వారం రోజులు అక్షరాలు దిద్దించవలసి వచ్చినది. దిద్దించినాను. మా మనవరాలు ఉత్తరం పూర్తిగా చదవగలుగుతున్నది ఇప్పుడు. మా అమ్మను అది చూడలేదు, అమ్మ మాట మాత్రం దాని నోట విన్నాను.

సోదరీమణులారా, మీ అందరి ఇళ్ళలోనూ ఇటువంటి పెట్టెలుంటాయి. చీరే కానక్కరలేదు. మనం ఇంటిలో మాట్లాడి, పిల్లలకు అక్షరం నేర్పకుండా భద్రం చేసిన తెలుగు కూడా అటువంటి పెట్టెలోనిదే. ఒకనాడు తీద్దామనుకుంటాము. తీసేనాటికి మడతలలో ఏమి జరిగి ఉంటుందో చెప్పలేము. బాగున్నప్పుడే తీసి, వాడి, పిల్లల చేతికి ఇవ్వండి. వారు దానిని మనకు నచ్చినట్లే వాడరు. కత్తిరిస్తారు, వంకరగా అతుకుతారు, పక్కన కన్నడం ముక్క, ఇంగ్లీషు ముక్క పెడతారు. పెట్టనివ్వండి.

“మాకు వయసైపోయినది, ఇవన్నీ పిల్లల ఆటలు” అనే పెద్దవారికి ఒక సమాధానం ఉన్నది. ఇంగ్లండులో మేరీ డిలేనీ అనే ఆమె 1772 ప్రాంతంలో, తన 72వ యేట, రంగుకాగితాలు కత్తిరించి పూలు అతకడం మొదలుపెట్టినది. చూపు మందగించి మానేలోపల, పదేళ్ళలో, ఇంచుమించు వేయి పూలు చేసినది. అవి నేటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి. నాకు ఇంకా ఆ వయసు రాలేదు, మీలో చాలామందికీ రాలేదు.

కార్యవర్గానికి ఒక విన్నపం చేసి ముగిస్తాను. వచ్చే ఉగాదికి ప్రతి కుటుంబమూ తమ పెట్టెలోనుంచి ఒక్క ముక్క తీసుకొని రావాలి: చీరముక్క, పంచె అంచు, పెళ్ళిపత్రిక, పుట్టింటివారి కవరు, ఏదైనా సరే. ఇంటి పిల్లలు దానితో ఒక దేవకన్యను చేసి, క్రింద ఒక తెలుగు వాక్యం స్వదస్తూరితో వ్రాయాలి. వాటిని ఈ హాలు గోడలమీద తగిలిద్దాం. బహుమతులు వద్దు. ఎవరి వాక్యం వారే పైకి చదవాలి, అంతే.

పిల్లలూ, ఇక రండి. కత్తెరలు సంచిలోనే ఉన్నవి, మొనలేనివే తెచ్చినాను. గోధుమరంగు కాగితమూ ఉన్నది, డికాషనూ ఉన్నది.